అధికమాసం కలిపితే ఐదో నెల

హిందూపురంలో మా వీధికి ఒక అలవాటుంది. ఏ ఇంట్లో బిడ్డ బోర్లా పడినా ఆ ఇల్లు వీధంతటికీ ఓళిగలు, అంటే బొబ్బట్లు, పంచాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ దీన్ని తప్పించుకున్న ఇల్లు మాత్రం లేదు. అందువల్ల మా మనవరాలు ఉమ ఎప్పుడు బోర్లా పడుతుందా అని మాకంటే ఎక్కువగా వీధే ఎదురుచూసింది. పొద్దున కొళాయి దగ్గరికి పోతే చాలు, "ఏమక్కా, ఇంగా బెల్లం తెచ్చుకోలేదా?" అని అడిగేవాళ్లు. బిడ్డ బాగుందా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇది 2004లో మాట. మా అమ్మాయి పుష్పావతి కాన్పుకని ధర్మవరం నుంచి నా దగ్గరికి వచ్చింది. అల్లుడు గంగాధర అక్కడ పట్టుచీరలు నేస్తాడు. మే పదో తేదీన ఆడబిడ్డ పుట్టింది. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. "మంచి బరువే" అన్నారు ఆస్పత్రిలో. మంచి అన్నప్పుడే నేను సంతోషించి ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోవడం నాకు చేతకాదు.

తల్లినీ బిడ్డనూ అత్తగారింటికి బేసి నెలలోనే పంపుతాం. మూడు, ఐదు, ఏడు, అట్లా. మూడో నెల ఆషాఢంలో కొంత, అధిక శ్రావణంలో కొంత పడి, మంచి రోజు లేకుండానే పోయింది. ఇక మిగిలింది ఐదో నెల. అసలు శ్రావణం రాగానే, రెండో గురువారం వచ్చి తీసుకుపోతామని నా వియ్యపురాలు సిద్దమ్మ ఫోనులో చెప్పింది. "నెలలు నువ్వే లెక్కపెట్టు వదినా, నీకు చదువొచ్చు కదా" అని కూడా అంది.

నేను లెక్కపెట్టాను. జూన్ పదికి ఒక నెల నిండి రెండోది పడింది. జూలై పదికి మూడోది పడింది. ఆగస్టు పదికి నాలుగోది పడింది. ఇక్కడిదాకా ఎవరైనా లెక్కపెడతారు. కానీ ఆ ఏడు అధికమాసం వచ్చింది. గోడ మీది క్యాలెండర్లో జూలై, ఆగస్టు అని లావు అక్షరాలున్నాయి. అధిక శ్రావణం అని మాత్రం గళ్ల కింద సన్న అక్షరాలతో వేశారు. ఇంగ్లీషువాళ్లకు అధికమాసం లేదు కాబట్టి వాళ్ల లెక్కలో ఒక నెల తగ్గుతుందనీ, దాన్ని మనమే కలుపుకోవాలనీ నాకు తోచింది. నాలుగుకు ఒకటి కలిపితే ఐదు.

ఇది నాకు ఊరికే తోచలేదు. మా ఆయన పోయిన మరుసటేడు, 1996లో కూడా అధికమాసం వచ్చింది. నెలనెలా మాసికానికి అయ్యవారికి స్వయంపాకం ఇస్తూ, పన్నెండు అయ్యాయని నేను అనుకుంటుంటే ఆయన పదమూడోది అడిగాడు. "అధికమాసం వచ్చింది కదమ్మా, దాన్ని యాడ పెట్టమంటావు?" అన్నాడు. బియ్యం, బేడలు, గుమ్మడికాయ మళ్లీ ఒకసారి మోసుకుపోయి ఇచ్చాను. మనిషి పోయినప్పుడు లెక్కలోకి వచ్చిన నెల, మనిషి పుట్టినప్పుడు ఎందుకు రాదు?

అట్లా ఉమకు ఐదో నెల పడింది. కష్టాలు కూడా ఆ రోజే మొదలయ్యాయి.

నేను బడికి పోలేదు. అంగట్లో సరుకులు కట్టిచ్చే పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకేనేమో, అచ్చులో ఉన్న మాటను కాదనే ధైర్యం నాకు ఈ రోజుకీ లేదు. పాత కాగితాల అంగట్లో నాకు బిడ్డల పెంపకం మీద ఒక పుస్తకం దొరికింది. అట్ట లేదు. నడుమ కొన్ని కాగితాలు ఎవరో చించుకుపోయారు. మూడో నెల అయిపోగానే ఐదో నెల మొదలవుతుంది. నాలుగో నెల అనేదే ఆ పుస్తకంలో లేదు.

ఐదో నెల అని ఉన్నచోట ఇట్లా రాసి ఉంది: బిడ్డ బోర్లా పడుతుంది. అరచేతుల మీద ఛాతీని పైకి లేపుతుంది. ఎదురుగా ఉన్న వస్తువును అందుకుని నోట్లో పెట్టుకుంటుంది.

మా ఉమ ఇందులో ఒక్క పని కూడా చేయడం లేదు. వెల్లకిలా పడుకుని, తన పిడికిలిని తానే పైకెత్తి, దారిన పోయే మనిషిని చూసినట్టు చూస్తుంది. గిలక్కాయ ఇస్తే ముఖం మీద పడేసుకుని ఏడుస్తుంది. బోర్లా పడుకోబెడితే చాప మీద ముక్కు రాస్తుంది.

"అమ్మా, దాని పాటికి దాన్ని వదిలెయ్" అంటుంది పుష్పావతి. "పడతాదిలే."

ఆ "పడతాదిలే" అనే మాట నాకు గిట్టదు. మా ఆయన రామగిరిలో బంగారు గనిలో పని చేసే రోజుల్లో మాకు మొదట ఒక కొడుకు పుట్టాడు. వాడికి మెడ నిలవలేదు. నిలుస్తుందిలే, నిలుస్తుందిలే అని అందరూ అన్నారు. పదకొండో నెలలో పోయాడు. పుష్పావతికి ఈ సంగతి తెలుసు. అయినా ప్రతిసారీ గుర్తుండాలని లేదు కదా. నాకైతే గుర్తుంటుంది.

ఉమ మెడ బాగానే నిలుస్తోంది. నేను రోజుకు ఏడెనిమిదిసార్లు పరీక్ష చేస్తాను కాబట్టి నిలవక దానికీ గతిలేదు. బెంగంతా బోర్లా పడటం గురించే. ఒకరోజు అది ఎడమ పక్కకు ఒరిగి, కాలు పైకి విసిరి, ఇక పడిపోతుందన్నట్టు ఆగింది. నేను వంటింట్లోకి ఉరికి, ఓళిగల పూర్ణానికని అర్ధసేరు శనగబేడలు పొయ్యి మీద పెట్టాను. తిరిగి వచ్చేసరికి అది మళ్లీ వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి నవ్వుతోంది. ఆ రోజు బేడల పప్పు చేసుకున్నాం. రెండు రోజులకు మళ్లీ ఒరిగింది. మళ్లీ బేడలు పెట్టాను. మళ్లీ పప్పు. మూడోసారి పుష్పావతి పొయ్యికి అడ్డం నిలబడింది.

"అది పాలకోసం ఒరిగింది తల్లీ, నీ ఓళిగలకోసం కాదు. ఇంగ నేను బేడలు తినలేను. నేను తింటే దానికి కడుపుబ్బరం, అది ఏడిస్తే నీకు గుండెదడ."

దాంతో ఇద్దరినీ తీసుకుని ప్యాసింజరెక్కి పెనుకొండకు పోయాను. అక్కడ మా అక్క తిమ్మక్క ఉంది. గొర్రెల కాపరుల ఇంటికి కోడలుగా పోయింది. ఆరుగురు బిడ్డల్ని, లెక్కలేనన్ని గొర్రెల్ని పెంచింది. ఆమె ఉమను పట్టి పైకెత్తి, పిక్కలు నొక్కి, నోరు తెరిచి చిగుళ్లు చూసింది.

"ఎన్నో నెల?"

"ఐదు."

"ఐదా! ఐదో నెలకు మా గొర్రెపిల్ల సంతకు పోతాది గదే!"

"పెద్దమ్మా, దీన్ని సంతకు తోలే పని లేదు" అంది పుష్పావతి.

"నీకేం తెల్సు, ఊరుకో పాప. ఏటి ఇసుక తెప్పిస్తా. గుంత తీసి నడుము దాకా పూడిస్తే మూడే దినాల్లో ఎముక గట్టిపడతాది. మీ అన్నలందర్నీ పూడ్చినా నేను."

"అందుకే వాళ్లు ఇంగా ఈడే ఉండారు, కదల్లేక" అని, పుష్పావతి బిడ్డను లాక్కుని స్టేషను దారి పట్టింది. వెనక మా అక్క గొణుక్కుంటోంది: "దీనికి గుండె లేదు. గుండె లేనిది బిడ్డనెట్ల పెంచుతాదో!"

తర్వాత అంగన్‌వాడీకి తీసుకుపోయాను. అక్కడికి గ్రేస్ టీచరు కొత్తగా బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. నెమ్మదైన మనిషి. దూలానికి వేలాడే త్రాసుకు గుడ్డ ఉయ్యాల కట్టి అందులో ఉమను పెట్టింది. ఉమ అట్లా గాల్లో వేలాడుతూ మా అందరినీ తీర్పు చెప్పబోయే జడ్జిలాగా చూసింది.

"ఐదు కిలోల నూరు గ్రాములు. ఎన్నో నెల అవ్వా?"

"ఐదు" అన్నాను.

ఆమె రిజిస్టరులో ఐదు అని రాసుకుని, ఒక కార్డు తీసి అందులో చుక్క పెట్టింది. ఆ కార్డు మీద వంపు తిరిగిన గీతలున్నాయి. బిడ్డల బరువు పైగీతకు పైన ఉంటే బాగున్నట్టు. మా చుక్క దాని కింద పడింది.

"రవంత తక్కువుండాది. భయపడే పని లేదు" అంది గ్రేస్.

నాకు "తక్కువ" వరకే వినపడింది. కార్డు ఇంటికి తెచ్చి దేవుడి పటం కింద పెట్టాను. దీపం పెట్టినప్పుడల్లా ఆ చుక్కే కనపడుతుంది. పట్టలేక ఒకరోజు బిడ్డను తీసుకుపోయి తిమ్మరాజు అంగట్లో బియ్యం తూచే త్రాసులో పెట్టించాను. ఐదు కిలోల మూడు వందలు చూపించింది. నా ప్రాణం లేచొచ్చింది.

"చూడప్పా తిమ్మరాజూ, రెండు వందలు ఎక్కువే ఉండాది!"

తిమ్మరాజు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అక్కా, నువ్వు బయట చెప్పనంటే ఒక మాట చెప్తా. మా త్రాసు అందరికీ రవంత ఎక్కువే చూపిస్తాది" అన్నాడు.

ఆ అంగట్లోనే ఫోనుంది. గంగాధర ప్రతి ఆదివారం పొద్దున పదింటికి దానికే ఫోను చేస్తాడు. పుష్పావతి తొమ్మిదికే తల దువ్వుకుని, పూలు పెట్టుకుని పోతుంది. ఫోనులో మనిషి కనపడడు కదా అంటే, "నాకు కనపడతాడు" అంటుంది. అరగంట మాట్లాడి వస్తుంది. ఏమన్నాడంటే, "ఏం లేదు, బాగుండావా అన్నాడు" అంటుంది. అరగంటసేపు అదే అడిగాడా అంటే లోపలికి పోతుంది.

గురువారం దగ్గరికి వస్తున్న కొద్దీ నాకు రెండు భయాలు ఒకటైపోయాయి. ఒకటి, బిడ్డ వెళ్లిపోతుంది. రెండోది, బోర్లా కూడా పడని బిడ్డను చూసి సిద్దమ్మ ఒక మాట అంటుంది. ఆ మాట ఏమిటో కూడా నాకు తెలుసు. ఐదు నెలలు నీ ఇంట్లో పెట్టుకుని ఏం పెంచితివి వదినా అంటుంది. గిన్నెలు తోముతున్నా, పూలు కడుతున్నా ఆ మాట ఆమె గొంతుతోనే నాకు వినపడేది. బిడ్డ బోర్లా పడేదాకా పంపను అని ఒకసారి పుష్పావతితో అన్నాను. అది ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుతూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం గ్రేస్ రిజిస్టరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అవ్వా, బిడ్డ పుట్టిన తేదీ చెప్పు. పై ఆఫీసోళ్లు అడుగుతాండారు."

"మే పది."

గ్రేస్ రాయబోయి ఆగింది. పెన్నుతో వేళ్ల మీద కొట్టుకుంటూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"మే పదైతే ఇంగా నాలుగు నెలలు కూడా నిండలేదే. ఐదని యాల చెప్తివి?"

"అధికమాసం కలిపినా."

"దేంట్లో కలిపితివి?"

"నాలుగులో."

గ్రేస్ రిజిస్టరు మూసి చాప మీద కూర్చుంది. "అవ్వా, నాకు మీ పంచాంగం తెలీదు. ఒక్కటి చెప్పు. జూలైలో దినాలెన్ని?"

"ముప్పై ఒకటి."

"ఆగస్టులో?"

"ముప్పై ఒకటి."

"మీ అధికమాసం ఆ దినాల్లోనే వచ్చిపోయిందా, బయట ఇంగెక్కడన్నా వచ్చిందా?"

నేను క్యాలెండర్ వైపు చూశాను. అధిక శ్రావణం జూలై పద్దెనిమిదిన మొదలై ఆగస్టు పదహారున అయిపోయింది. గళ్లలోనే ఉంది. ఒక్క రోజు కూడా గళ్ల బయట లేదు. చాలాసేపు చూశాను.

"లోపలే ఉండాది" అన్నాను.

"మరి దాన్ని ఇంగోసారి యాడనుంచి తెస్తివి తల్లీ?"

గ్రేస్ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పటం కింద ఉన్న కార్డు తీసి, పాత చుక్క కొట్టేసి, మూడుకూ నాలుగుకూ నడుమ కొత్త చుక్క పెట్టింది. అది పైగీతకు పైన పడింది.

"మూడున్నర నెలల బిడ్డ. గీత మీద మహారాణి మాదిరి కూర్చుండాది చూడు. బోర్లా పడేకి ఇంగా నెల, నెలన్నర టైముండాది. ఏమీ తెలీని దాన్ని పట్టుకుని పరీక్షలు పెట్టి చంపితివి!"

ఆ సంతోషం ఎట్లా చెప్పను! ఉమను ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను. ఇన్నాళ్లూ నేను వెతికిన బిడ్డ నా పుస్తకంలో చిరిగిపోయిన నాలుగో నెల కాగితాల్లో ఉంది. పిడికిలి కేసి చూసుకోవడం, గిలక్కాయ ముఖం మీద పడేసుకోవడం, అన్నీ ఆ కాగితాల్లోనే రాసి ఉంటాయి. దాన్ని ముద్దు పెట్టుకుని, క్షమాపణ అడిగి, అలవాటుకొద్దీ మెడ కూడా ఒకసారి చూశాను.

తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఇది నాలుగో నెల. సరి నెల. పంపకూడదు. ఐదోది సెప్టెంబరు పదికి పడుతుంది గానీ, నాలుగు రోజుల్లో అమావాస్య. ఆ వెనక భాద్రపదం, అది పనికిరాదు. అందులో సగం పెద్దల పక్షాలు. ఆరో నెల సరి. ఇక ఏడో నెలే. అంటే కార్తీకం. నేను అడగకుండానే దేవుడు రెండున్నర నెలలు నా ఒళ్లో వేశాడు.

"పుష్పా, విన్నావా? రేపు పోకూడదు! కార్తీకం దాకా ఈడే!" అని కేకేశాను.

లోపలికి వెళ్లి చూస్తే పుష్పావతి ట్రంకు పెట్టె ముందర కూర్చుని ఉంది. మూత తెరిచి, పైనున్న చీర తీసి పక్కన పెట్టింది. బిడ్డ గుడ్డలు ఒక్కొక్కటే తీసి మళ్లీ మడత పెడుతోంది. మడత పెట్టినవాటినే మళ్లీ విప్పి మడత పెడుతోంది. చేతులకు కొత్త గాజులున్నాయి. రేపటికని వేసుకుంది.

"విన్నాలే" అంది. "ఆయన మగ్గం ఆపుకోని వస్తాడు పాపం. వచ్చి ఒట్టి చేతుల్తో పోవాల." ఇంకో గుడ్డ చేతిలోకి తీసుకుని, "నెలల లెక్క ముందే సరిగ్గా పెట్టుంటే నేను పెట్టె సర్దకుండా ఉందును కదమ్మా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నేను గడప మీద కూర్చున్నాను. మనుషులు వెళ్లిపోతుంటే చూడటం నాకు కొత్త కాదు. కొడుకు పోయాడు, ఆయన పోయాడు, దీని పెళ్లినాడు ఇది పోయింది. ఎన్నిసార్లయినా నాకు అలవాటు కాలేదు గానీ, ఎట్లా ఉంటుందో మాత్రం బాగా తెలుసు. తెలిసి తెలిసి దాన్ని నా కూతురికి అంటించడమేమిటి? గంగాధర ధర్మవరంలో ఒక్కడే ఉన్నాడు. ఇది ఇక్కడ ఆదివారం కోసం తల దువ్వుకుంటుంది. నేను మాత్రం బిడ్డను ఒళ్లో పెట్టుకుని సుఖంగా ఉంటానా?

బయటికి వచ్చి, "టీచరమ్మా, ఆ చుక్కను మళ్లీ ఐదుకు మార్చు" అన్నాను.

"ఇది సర్కారు కార్డవ్వా!"

"అయితే ఈ రెండు దినాలూ కార్డు నీ దగ్గరే పెట్టుకో. రేపు సిద్దమ్మ వచ్చేసరికి నువ్వొకసారి వచ్చి నిలబడు చాలు."

"నేను అబద్ధం చెప్పను. ఆదివారం చర్చికి పోవాల."

"నువ్వు చెప్పొద్దు. చెప్పేకి నేనుండా కదా."

మరుసటి రోజు పొద్దున బండికే సిద్దమ్మ, గంగాధర వచ్చారు. గంగాధర గడపలో నిలబడి పుష్పావతిని చూశాడు, పుష్పావతి గోడను చూసింది. బిడ్డను చూడటం ఇద్దరికీ కాసేపటికి గానీ గుర్తు రాలేదు. సిద్దమ్మ కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, వేళ్ల కణుపుల మీద బొటనవేలు ఆనించి లెక్క మొదలుపెట్టింది.

"మే పదికి పుట్టె. జూన్, జూలై, ఆగస్టు... మూడు నిండి నాలుగు కదా వదినా?"

"అధికమాసం కలపాల కదా వదినా" అన్నాను.

"అదెందుకు కలపాల?"

మాసికాల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. శుభమా అని బిడ్డను పంపేటప్పుడు ఆ మాట ఎత్తితే ఇంకేమన్నా ఉందా? మింగేశాను.

"మా హిందూపురంలో కలుపుతారు."

"మా ధర్మవరంలో కలపరే!"

"మాది కన్నడ సీమ పక్కన. మా పద్ధతి వేరే."

సిద్దమ్మ నా ముఖంలోకి చూసింది. గంగాధర మాత్రం ఒక్క వేలు కూడా మడవకుండా, "ఐదే అమ్మా. నేనూ లెక్కపెట్టినా, ఐదే" అన్నాడు. అప్పుడే గ్రేస్ వచ్చి వాకిట్లో నిలబడింది. సిద్దమ్మ ఆమెను పట్టుకుంది.

"ఏం టీచరమ్మా, నువ్వు చెప్పు. మీ పుస్తకంలో ఎంత రాసుకున్యారు?"

గ్రేస్ పైకప్పుకేసి చూసింది. "తూకం వేసిననాడు రిజిస్టరులో ఐదనే రాసినా" అంది. అది నిజమే.

"సర్కారు పుస్తకంలో ఐదంటే ఐదే" అంది సిద్దమ్మ. నేను ఊపిరి వదిలాను. వదిలేలోపలే ఆమె ఉమను చాప మీద పడుకోబెట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఐదైతే ఇంగా బోర్లా పడలేదేం?"

సిద్దమ్మ ఉమ చేతులు పట్టి సాగదీసి చూసింది.

"మూతి చూస్తే ఇంత, చేతులు చూస్తే ఇంత. ఐదు నెలలు నీ ఇంట్లో పెట్టుకోని ఏం పెంచితివి వదినా?"

అక్షరం తేడా లేకుండా అదే మాట. పదిహేను రోజులుగా ఆ మాట తప్పించుకోవాలని బేడలు ఉడకబెట్టాను, పెనుకొండకు పోయాను, బిడ్డను బియ్యం త్రాసులో పెట్టాను. జవాబు నా నోట్లోనే ఉంది. ఇది నాలుగో నెల, గీతకు పైన ఉంది, నీ మనవరాలు మహారాణి అని ఒక్క మాటంటే చాలు. పుష్పావతికి నా ముఖం చూసి తట్టుకోవడం చేతకాలేదు. "అత్తా, అది కాదు, మా అమ్మ..." అని ముందుకు వచ్చింది. నేను దాని కాలి వేలు గట్టిగా తొక్కాను.

"మా వంశంలోనే రవంత నిదానం వదినా" అన్నాను. "పుష్పావతి కూడా ఏడో నెలకు గానీ పడలేదు."

పుష్పావతి నాలుగో నెలలోనే బోర్లా పడింది. మంచం మీద నుంచి కింద పడింది కూడా.

"అట్ల చెప్పు. మా వైపు ఎవురూ ఇంత నిదానం లేరు" అని సిద్దమ్మ తృప్తిగా తల ఊపింది. ఒడి నింపి, హారతి ఇచ్చి, మధ్యాహ్నం బండికి బయల్దేరదీశాను. వీధిలో రెండిళ్లవాళ్లు ఓళిగలు తినకుండానే బిడ్డ వెళ్లిపోతోందని నిజంగానే బాధపడ్డారు.

నేను కూడా బండెక్కాను. పెనుకొండలో మా అక్క దగ్గర రెండు రోజులుండి వస్తానని చెప్పాను. అసలు సంగతి వేరే. ప్లాట్‌ఫారం మీద నిలబడి, బండి చిన్నదవుతుంటే చూడటం నా వల్ల కాదు. దిగిపోయేది నేనే అయితే కొంచెం నయమనిపించింది.

సిద్దమ్మ హిందూపురంలో ఎక్కింది మొదలు ఉమను ఒళ్లో నుంచి దించలేదు. పుష్పావతి, గంగాధర ఎదురు సీట్లో ఒక జానెడు దూరంలో కూర్చుని కిటికీలో నుంచి ఒకే చెట్టును చూస్తున్నారు. సిద్దమ్మ దారి పొడుగునా నాకు పాఠం చెప్పింది. ఆముదం ఎట్లా మర్దన చేయాలి, కాళ్లు ఎట్లా సాగదీయాలి, ఏ నూనెతో తల నిమరాలి.

"నా చేతిలో పడింది కదా, ఒక నెలలో బోర్లా పడేట్టు చేస్తా చూడు."

"చేస్తావు వదినా, నాకు తెలుసు" అన్నాను. నిజంగానే తెలుసు. ఒక నెల, నెలన్నర అని గ్రేస్ చెప్పింది. ఆ పేరు సిద్దమ్మ చేతికే వస్తుంది. వస్తే రానీ అనుకున్నాను. అనుకున్నా కడుపులో కొంచెం మండింది, అబద్ధమెందుకు చెప్పాలి.

పెనుకొండలో బండి రెండు నిమిషాలు కూడా ఆగదు. ఉమ నిద్రపోతోంది. లేపితే ఏడుస్తుందని అరికాలు మాత్రం తాకి దిగాను. పుష్పావతి తలుపు దాకా వచ్చి ఏదో అనబోయింది. "పో, పో, లోపల కూర్చో, బండి కదుల్తాది" అని కసిరాను. కసరకపోతే ఇద్దరం ఆగేవాళ్లం కాదు.

బండి కదిలింది. కిటికీ ఊచల దగ్గర సిద్దమ్మ ముఖం కనపడింది.

"వదినా! నిజం చెప్పు, నాలుగో నెలే కదా?"

నేను నోరు తెరిచేలోపలే ఆమే మళ్లీ అందుకుంది.

"ముగ్గుర్ని కన్నదాన్ని నేను! ఒళ్లో పెట్టుకుంటే నాకు తెలీదా? నాలుగో నెలకు ఈ బరువంటే బాగా పెంచితివి!" బండి వేగం అందుకుంటుంటే ఆమె ఇంకా గట్టిగా అరిచింది. "మావాడు మూడు నెలల్నుంచి నేసిన చీరకల్లా తప్పులే! కార్తీకం దాకా ఆగుంటే మగ్గం ఎత్తి పెట్టుకోవాల్సిందే మేము! లెక్క యాడ నేర్చుకుంటివో గానీ, మంచి లెక్క వదినా!"

తర్వాత మాటలు చక్రాల చప్పుడులో కలిసిపోయాయి. చెయ్యి ఊపాలని గుర్తొచ్చేసరికి బండి మలుపు తిరుగుతోంది. అయినా ఊపాను.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మా అక్క తిమ్మక్క పక్కనే నిలబడి ఉంది. ఆమెకు చెవుడు మొదలైంది.

"ఏమంటాంది ఆయమ్మ, అంత గట్టిగా?"

"బిడ్డ మంచి బరువుండాదంట" అన్నాను.

"ఆ పొద్దు నేనూ అదే చెప్తిని. మీరు వినుకుంటేగా!" అంది మా అక్క. నా చేతిలో సంచి తీసుకుని ముందు నడిచింది.